వణుకుపలక

నమోదు 1. మాఘ తదియ, పోటు మీద

రోజూ రాయాలట. సొంత మాటల్లో, దాపరికం లేకుండా. పర్యవేక్షకుల మనసులో ఏముందో చదువుల కేంద్రానికి తెలియాలట, రిటైరయ్యేటప్పుడు పుస్తకం అప్పగించాలట. నా మనసులో ఏముందో తెలిస్తే కేంద్రం వాళ్ళకి రెండు పూటలు అన్నం సహించదు. సరే, రాస్తాను. తేదీ బదులు తిథి వేస్తున్నాను. సముద్రపు పోటూ పాటూ దాని ప్రకారమే వస్తాయి, నా పడవ వాటి ప్రకారమే కదులుతుంది.

పేరు బొడ్డు సువార్త. నీటి మీది బడుల్లో ఐదో తరగతి దాకా చదువు ఎలా ఉందో చూడడం ఉద్యోగం. పంటుల మీద జనం నన్ను మార్కులమ్మ అంటారు. ఎదురుగా అనరు.

ఇవాళ కాకరమెరక. మెరక అని పేరే గానీ అక్కడ మట్టి కనబడి ఒక తరం దాటింది. ఒకప్పుడు జనాన్ని గోదారి దాటించిన పాత పంటులు అరడజను గొలుసులతో కట్టేసి వాటి మీదే కాపురాలు. చివరి పంటు బడి. పడవ నడిపే నూకరాజు ఎప్పటిలాగే జానెడు దూరంలో ఆపి "దూకెయ్యండమ్మగారూ" అన్నాడు. దూకే వయసా నాది? "దగ్గరగా తియ్యరా సచ్చినోడా" అన్నాను. తీశాడు. ప్రతి నెలా నేను ఈ మాట అంటాను, ప్రతి నెలా వాడు అక్కడే ఆపుతాడు.

బడిలో టీచరు మల్లిపూడి ఝాన్సీ ఒక్కతే. ఐదు తరగతులూ ఆ పిల్లే. నీళ్ళ మీదికి టీచర్లు రారు గనక, మునగని మెట్ట మీద బడులకి లేని పలకలు మాకిచ్చారు. కాగితాల్లో దాని పేరు సహాయపలక. పిల్లలకి వణుకుపలక. వేలితో రాస్తుంటే తప్పు దారిలోకి వెళ్ళబోయే ముందు వేలి కింద సన్నగా వణుకుతుంది. వేలు దారి మార్చుకుంటే ఊరుకుంటుంది. చదివేటప్పుడూ అంతే, లెక్కలకీ అంతే. పిల్ల తప్పు చేసేలోపే సర్దేస్తుంది. అందుకని ఎవరికీ తొంభైకి తగ్గవు. జాబితాలో బడి పేరు పక్కన కేంద్రం పెట్టిన చుక్క పచ్చగా ఉంది. అన్ని పంటుబడులకీ పచ్చే.

మొత్తం నీటి బడుల్లో ఫస్టు ఈ బడి పిల్లే, చోడిపల్లి లోవ. ఐదో తరగతి. బక్కగా, చురుగ్గా ఉంటుంది. తండ్రి లేడు. తల్లి మెట్ట మీద ఇటుకల పనిలో ఉంది. పనివాళ్ళ పిల్లల్ని మెట్ట మీద ఉండనివ్వరు గనక పిల్ల ఇక్కడ మామ్మ వీరాయమ్మ దగ్గర పెరుగుతోంది. ఆరో తరగతికి మెట్ట హాస్టల్లో సీటొస్తే మాత్రం వెళ్ళొచ్చు.

"సీటొస్తే ఆదివారం ఆదివారం మా అమ్మని చూడొచ్చంటండి" అంది లోవ.

"వస్తుందిలే, ఫస్టు నువ్వేగా" అన్నాను.

ఒక్కటే అర్థం కాలేదు. పోయినేడు ఇక్కణ్ణుంచి మెట్టకెళ్ళిన పిల్లలు దీపావళి రాకుండానే తిరిగొచ్చేశారు. గాలి పడలేదని రాసి ఉంది. మిగతా పంటుల పిల్లలదీ అదే మాట. మెట్టవాళ్ళు విసుగెత్తి ఈ ఏడు నుంచి పరీక్ష పెట్టారు, కాగితం మీద.

నమోదు 2. మాఘ చవితి, ముసురు

మాఘంలో ముసురేమిటని మా అమ్మ ఉంటే అనేది. ఇప్పుడు ముసురుకి నెలంటూ లేదు. పడవ తియ్యనని నూకరాజు మొరాయించాడు, ఇక్కడే చిక్కుకుపోయాం. ఎండ లేక పలకలన్నీ చచ్చి పడున్నాయి. ఝాన్సీ పిల్లల చేత పాటలు పాడిస్తోంది.

తోచక, పడవకి గుర్తులు పెట్టే సుద్దముక్క నూకరాజు దగ్గర తీసుకుని లోవని పిలిచాను. చెక్కల నేల చూపించి "మీ మామ్మ పేరు రాయమ్మా" అన్నాను.

సుద్ద నేలకి ఆనించింది. అంతే, చెయ్యి కదల్లేదు. సుద్దకేసి చూసింది, నాకేసి చూసింది.

"ఇదేం అనట్లేదండీ."

"ఏమనాలే?"

"తప్పో కాదో అనాలి కదండీ."

"పోనీ తప్పే రాయి, ఏమవుద్ది?"

"తప్పు ఎలా రాస్తారండీ?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగా తెలియక అడిగింది.

ఐదో తరగతి పిల్లలందరికీ సుద్ద ఇచ్చి చూశాను. ఒక్క చెయ్యి కూడా కదల్లేదు. అక్షరాలు గుర్తుపడుతున్నారు, ఇది క, ఇది మ అంటున్నారు. సొంతంగా గీత మొదలుపెట్టమంటే మాత్రం లేదు. మెట్ట గాలి ఎందుకు పడలేదో అప్పుడు తెలిసింది. అక్కడ కాగితం వణకదు కదా.

ఝాన్సీని పక్కకి పిలిచాను. "నీకు తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మరి చెప్పవేం?"

"చెప్తే మీరేం చేస్తారు? కేంద్రానికి రాస్తారు. కేంద్రం పలక చూస్తది. పలక పచ్చగా ఉంటది. అబద్ధం ఎవరిదవుతది? నాదే అవుతది."

ఆ పిల్ల గొంతులో కోపం కూడా లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియక నూకరాజు మీద అరిచాను. వాడు "ఆయ్" అన్నాడు.

నమోదు 3. మాఘ షష్ఠి

ఎండ వచ్చింది. ఫోను పలికింది. చిలుకూరి హేమసుందర్‌గారు మా పై అధికారి. నాకంటే చిన్నవాడు. మాట ఎంత నెమ్మదంటే తిట్టాలన్నా మొహమాటం వేస్తుంది.

నేను చెప్పిందంతా విని, "పలక లేకుండా అడిగితే పిల్లలు బెదురుతారండీ సువార్తగారూ. బెదురుని మనం చదువు రాకపోవడం అనుకోకూడదు" అన్నారు.

"బెదురు కాదండీ. రాదు. పలకలు కొన్నాళ్ళు పక్కన పెట్టి నేర్పిస్తాం."

"పలక వాడకం ఆగితే బడి ఎరుపులోకి వెళ్ళిపోతుందండీ. ఎరుపు బడి పిల్లలకి మెట్ట పరీక్ష రాసే వీలుండదు. నిబంధన నేను పెట్టింది కాదు."

ఆయన పెట్టింది కాదు, నేను పెట్టింది కాదు. పెట్టినవాడెవడో ఎప్పుడూ దొరకడు. పలక ఉంటే పిల్ల పరీక్షకి వెళ్ళి బొమ్మలా కూర్చుంటుంది. పలక తీసేస్తే పరీక్షకే వెళ్ళదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సాయంత్రం వీరాయమ్మ దగ్గరికి వెళ్ళాను. వల అల్లుతోంది. నాకంటే పెద్దది, చూపు మందగించింది గానీ వేళ్ళకి ఆ సంగతి తెలీదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మనవరాలికి రాయడం రాదంటే ముందు నమ్మలేదు. "మా లోవకి రాదంటావేటి, ఫస్టు కదా అది!" అని నా మీదికొచ్చింది. లోవ చేతికి సుద్ద ఇచ్చి చూపించాక చల్లబడింది. వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

ఈ పంటుల మీద ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా జ్వరమొచ్చినా, పురుడొచ్చినా వాళ్ళ వల పని ఆగకూడదు. పక్కింటి మనిషి వచ్చి కూర్చుని అల్లేసి పోతుంది. చేతిబదులు అంటారు. ఎవరు అల్లినా వల ఆ ఇంటిదే. కూలీ అడగరు, మళ్ళీ గుర్తుచెయ్యరు.

"ఆ పలకని ఎవరో ఒకరు తాకతా ఉంటే సాలా?" అంది వీరాయమ్మ.

"చాలు."

"పిల్ల ఏలే అవ్వాలా?"

"ఏ వేలో దానికి తెలీదు. పిల్లల చదువు వేరేవాళ్ళు చదువుతారని కేంద్రం వాళ్ళు అనుకోలేదు."

"అయితే ఇంకేటి? పిల్లలకి సేతిబదులు మేం కూకుంటాం. ఆళ్ళకి నువ్వూ టీచరమ్మా నేర్పండి."

వద్దనాలి. దొంగతనం పట్టుకోవడానికి జీతం తీసుకునేదాన్ని. వద్దనడానికే నోరు తెరిచాను. "పొద్దున పూట మీకు కుదురుతుందా?" అని వచ్చింది.

లోవ మాత్రం పలకని గుండెకి హత్తుకుని కూర్చుంది. ఇవ్వదు. "ఇది లేకపోతే నేను ఫస్టు ఎలా వస్తానండీ? సీటు ఎలా వస్తది?"

"ఇదుంటేనే రాదే పిచ్చితల్లీ. నీ సీటు సంగతి నేను చూసుకుంటాను."

"ఒట్టా?"

"మేం కిరస్తానీలం, ఒట్లు వెయ్యకూడదు. మాటంటే మాటే."

ఇచ్చింది.

నమోదు 4. మాఘ ద్వాదశి

నెలకొకసారి రావలసిన బడికి మూడు రోజులకోసారి వస్తున్నాను. మిగతా పంటుబడులకి తిప్పుతున్నానని నూకరాజు చేత అబద్ధం ఆడిస్తున్నాను. వాడు అబద్ధం చక్కగా ఆడతాడు.

బడి పంటు వెనక వైపు, వలలు ఆరేసే పందిరి కింద పెద్దవాళ్ళ తరగతి. వీరాయమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, నేను ఊరికే కూర్చోనివ్వను గనక నూకరాజు. వీళ్ళలో ఒక్కరికీ అక్షరం రాదు. పలక వణికితే వేలు పక్కకి, ఊరుకుంటే ముందుకి. వల అల్లే చేతులు, అర్థం చేసుకోవడానికి ఎంతసేపు? వీరాయమ్మయితే పక్కావిడతో కోడలి గొడవ చెబుతూనే భాగహారాలు చేసేస్తోంది.

"చదువంటే ఇంతేనేంటండీ! ఈ మాత్రం దానికా మా నాన్న నన్ను బడి మానిపించేశాడు?" అని నూకరాజు వాపోయాడు.

ముందు వైపు పిల్లలు, సుద్ద, ఝాన్సీ, నేను. అక్కడ మాత్రం ఏడుపులే. లోవ మొదటిసారి "మ" రాయబోయి సున్నా పక్కన తోక వేసింది. ఏదీ వణకలేదు, ఎవరూ ఆపలేదు. తప్పు నేల మీద అలాగే ఉండిపోయింది. దాన్ని చూసి ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక అది మొదటి తప్పు మరి. సుద్ద నీళ్ళలోకి విసిరేసింది. ఇంకోటి ఇచ్చాను. అదీ విసిరేసింది. మూడోది ఇస్తూ "ఇది పారేశావంటే వెనకాలే నిన్ను పారేస్తా" అన్నాను.

"మీకేం, మీకు వచ్చు కదా!" అని అరిచింది.

నిజమే. మా చిన్నప్పుడు తప్పులు రాస్తే వీపు మీద పడేవి. అది మంచిదని నేననను. కానీ తప్పు రాశామని తెలిసేది, మళ్ళీ రాసేవాళ్ళం. ఈ పిల్లలకి దెబ్బా లేదు, తప్పూ లేదు. దేన్ని చూసి నేర్చుకుంటారు? ఝాన్సీ ఇవాళ మధ్యాహ్నం గోడకి జారబడి కూర్చుని అన్నం ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయింది. లేపలేదు.

నమోదు 5. ఫాల్గుణ పౌర్ణమి, పెద్ద పోటు

ఒళ్ళు హూనమైంది. ఉప్పుగాలికి కళ్ళు మండుతున్నాయి. ఎందుకొచ్చిన తంటా ఇది, ఇంకో రెండేళ్ళు పచ్చ చుక్కలు చూసుకుంటూ తిరిగితే హాయిగా రిటైరై పోయేదాన్ని కదా అని రోజుకోసారి అనుకుంటున్నాను.

ఇవాళ లోవ, ఎవరూ అడక్కుండా, నేల మీద రాసింది. మామ్మ చేపలు ఎండేసింది, కాకి ఎత్తుకుపోయింది, మామ్మ కాకిని తిట్టింది. మూడు ముక్కలు. దారి పొడుగునా కొట్టివేతలే, సగం చెక్క తెల్లగా అయిపోయింది. అయినా మొదలు నుంచి చివరిదాకా తన చేత్తోనే రాసింది. ఝాన్సీ నా భుజం పట్టుకుని నొక్కింది. ఆ పిల్ల నవ్వగా చూడడం ఇదే మొదలు.

"ఏమని తిట్టింది?" అని లోవని అడిగాను.

"అది రాయకూడదండీ" అంది.

సాయంత్రం హేమసుందర్‌గారి ఫోను. "సువార్తగారూ, అభినందనలండీ. కాకరమెరక మునుపటికంటే పెరిగింది. తొంభై ఎనిమిది. ఐదో తరగతిలో ఎవరో ఒక అమ్మాయి అస్సలు తడబాటు లేకుండా చేస్తోంది. ఏం చేస్తున్నారండీ అక్కడ?"

ఆ అమ్మాయి పందిరి కింద కాళ్ళు బారజాపుకుని చుట్ట కాలుస్తోంది. "శ్రద్ధగా చదువుతున్నారండీ" అన్నాను.

నమోదు 6. చైత్ర పంచమి

మెట్ట మీద పరీక్ష. లోవని నా పడవలోనే తీసుకెళ్ళాను. మా బడిలో మిగతా ఐదో తరగతి పిల్లలకి ఇంకా చెయ్యి తిరగలేదు, వచ్చే ఏడు రాస్తారు. రేవు ఎక్కి మట్టి మీద నాలుగడుగులు వేసేసరికి తూలింది. కదలని నేల ఎప్పుడూ తొక్కలేదు మరి. దాని తల్లి రేవు కంచె అవతల నిలబడి ఉంది. పనిలోంచి గంట సెలవు దొరికిందట. కంచె సందులోంచి చెయ్యి పెట్టి పిల్ల జుట్టు సర్దింది. కాపలావాడు గొంతు సవరించాడు. నేను లోవని లాక్కొచ్చేశాను.

హాలు బయట కూర్చున్నాను. మిగతా పంటుబడుల పిల్లలు ఒక్కొక్కరే తొందరగా బయటికొచ్చేశారు. అందరి కాగితాలూ తెల్లగానే ఉన్నాయట. ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాడు. వాళ్ళని తీసుకొచ్చిన టీచర్లకీ నాకూ చూపులు కలిశాయి. వాళ్ళకీ తెలుసు, అందరికీ తెలుసు. తిలా పాపం తలా పిడికెడు.

లోవ అందరికంటే ఆఖర్న వచ్చింది. చేతి నిండా సిరా, మొహం మీద కూడా.

"ఎలా రాశావే?"

"బోలెడు తప్పులు రాశానండీ" అంది. గర్వంగా చెప్పింది.

నమోదు 7. వైశాఖ విదియ

పంటుబడుల మొత్తానికి పాసైంది ఒక్క లోవే. అత్తెసరు మార్కులే, అయినా పాసు. సీటు ఖాయం. కాకరమెరకలో వీరాయమ్మ పంచదార కొని అందరి నోట్లోనూ పోసింది. లోవ తల్లికి కబురెళ్ళింది. మెట్ట నుంచి ఎవరితోనో పాత రేకుపెట్టె పంపింది ఆవిడ, బట్టలు సర్దుకోమని.

నేనూ పంచదార తిన్నాను. తిని పడవ ఎక్కేసరికి హేమసుందర్‌గారి ఫోను. ఆయన గొంతులో సంతోషం వినడం నాకదే మొదలు.

"చూశారాండీ! పలక మార్కుల్లో పైనున్న బడి నుంచే పిల్ల పాసైంది. ఇంతకంటే రుజువేం కావాలి? మిగతా పిల్లలు ఫెయిలయ్యారంటే వాళ్ళు పలక సరిగ్గా వాడట్లేదన్నమాట. ఇంకో గంట పెంచుతున్నాం. మెట్ట మీద బడులకి కూడా ఒకటో తరగతి నుంచే పలకలు ఇవ్వబోతున్నాం. పైవాళ్ళు ఒప్పుకున్నారు. వచ్చే వారం కాకరమెరక చూడ్డానికి వస్తున్నారు. అంతా మీ చలవేనండీ."

పలక తీసేశాం గనక పిల్ల పాసైంది. పలక వల్లే పాసైందని మా దొంగ మార్కులు సాక్ష్యం చెప్పాయి. ఒక్క పిల్లని గట్టెక్కించబోయి మొత్తం పిల్లల్ని ముంచే పని చేశాం. పలక తప్పని చెప్పాలంటే చేతిబదులు సంగతి చెప్పాలి. అది చెబితే బడి ఎరుపు. బడి ఎరుపైతే లోవ పరీక్షే చెల్లదు.

నూకరాజుకి చెప్పాను. వాడు తెడ్డు ఆపేసి "ఊరుకోండమ్మగారూ. మెట్టోళ్ళ పిల్లల గురించి మనకెందుకండీ? మన పిల్ల బయటపడింది కదా" అన్నాడు.

అదే మాట నేనూ అనుకుంటున్నాను. వాడి నోట వినేసరికి కోపం వచ్చింది.

నమోదు 8. వైశాఖ దశమి

పెద్దలకి చేతిబదులు సంగతి చెప్పబోతున్నానని, లోవ సీటు పోతుందని నిన్న సాయంత్రం వీరాయమ్మ గుమ్మంలో కూర్చుని చెప్పేశాను. లోవ పెట్టెలో బట్టలు పెడుతోంది. మడత ఆపేసింది.

"మీరు మాటన్నారు కదండీ."

"అన్నాను."

"నేను పాసయ్యాను కదండీ. నేనే రాశాను కదండీ."

"నువ్వే రాశావు."

"మరి?"

ఎరుపు ఒక్క ఏడే, వచ్చే ఏడు మళ్ళీ రాయొచ్చు, వయసు సరిపోతుంది అన్నాను. పదేళ్ళ పిల్లకి వచ్చే ఏడంటే ఎంత దూరమో నాకు తెలుసు. అయినా అన్నాను. మిగతా పిల్లల సంగతి చెప్పబోయాను. ఒక్క ముక్కలో తేల్చేసింది.

"వాళ్ళెవరో నాకు తెలీదు."

వీరాయమ్మ నన్ను చెడామడా తిట్టింది. కాకిని తిట్టినవన్నీ నాకు పడ్డాయి. ఆశ పెట్టావన్నది, తల్లీపిల్లల ఉసురు తగులుద్దన్నది. పడ్డాను. తిట్టి తిట్టి ఆయాసం వచ్చి కూలబడింది. కాసేపటికి అడిగింది.

"సెప్పకపోతే ఏమవుద్ది?"

"పుట్టే పిల్లలందరూ మాఘంలో మన లోవ ఉన్నట్టే ఉండిపోతారు."

వల తాడు వేళ్ళకి చుట్టుకుంది. "సెప్పు అయితే. నా సెయ్యి అబద్ధమాడింది. పిల్ల సెయ్యి ఆడలేదు. రెండూ సెప్పాలి. ఒకటి సెప్పి రెండోది మింగేశావో, నిన్ను ఈ పంటు ఎక్కనివ్వను."

ఇవాళ పెద్దలు వచ్చారు. దండలు, ఫోటోలు. హేమసుందర్‌గారు ఫస్టు వచ్చిన పిల్లని చూపించమన్నారు. వీరాయమ్మ చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చాను.

"ఈవిడేనండీ. మీ తొంభై ఎనిమిది."

నవ్వారు. పలక ఇచ్చాను. ఐదో తరగతి పాఠం మొదలుపెట్టింది. వాళ్ళు చూస్తుండగానే పచ్చ, పచ్చ, పచ్చ. నవ్వులు ఆగిపోయాయి. తర్వాత సుద్ద ఇచ్చి పేరు రాయమన్నాను.

"నాకు అచ్చరం ముక్క రాదు బాబూ" అంది వీరాయమ్మ, నెమ్మదిగా, ఎవరికీ తలొంచకుండా.

రెండో మాట కూడా చెప్పాను, పలక మానేశాకే లోవకి రాయడం వచ్చిందని. రాయించి చూపిద్దామంటే లోవ రాలేదు. పిలవడానికి ఝాన్సీ వెళ్తే గోడవైపు తిరిగి పడుకుందట. బలవంతం చెయ్యొద్దన్నాను.

హేమసుందర్‌గారు పడవ ఎక్కేముందు నా పక్కకి వచ్చారు. "ఈ మాట నాతో ఫోన్లో అని ఉంటే ఎలాగో సర్దేవాణ్ణి కదండీ."

"అందుకే అనలేదండీ" అన్నాను.

నమోదు 9. వైశాఖ అమావాస్య

ఉత్తర్వులు వచ్చాయి. మెట్ట మీద పలకలు ఆగిపోయాయి. పంటుబడుల్లో ఐదో తరగతికి రోజూ ఒక పూట వణుకు ఆపేస్తారట. ఒక పూటే. మిగతాది కమిటీ చూస్తుందట. కమిటీ ఎప్పుడు చూస్తుందో ఆ దేవుడికే తెలియాలి. కాకరమెరక ఎరుపు. ఝాన్సీకి జీతంలో కోత, నాకు సంజాయిషీ. లోవ సీటు రద్దు.

ఆ కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఇంకెవరిచేతనో పంపించడానికి సిగ్గేసింది. వీరాయమ్మ మంచినీళ్ళిచ్చింది. లోవ లోపలే ఉంది. రేకుపెట్టె మూత తీసి ఉంది, అందులో ఏమీ లేదు. పిలిచాను. బయటికి రాలేదు. బడిలోకి వెళ్ళి ఝాన్సీతో వచ్చే ఏడాది సంగతులు మాట్లాడి, ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటే చూడనట్టు నటించి, రేవు వైపు వచ్చాను.

పడవ పక్క చెక్క మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, బొగ్గుతో రాసి ఉంది. కొట్టివేతలు చాలా ఉన్నాయి. కొట్టేసి, మళ్ళీ రాసి, చోటు చాలక చివర్లో చిన్నగా కుక్కింది.

"ఏదో రాసి పారిపోయిందండీ లోవ. ఏం రాసిందండీ?" అని అడిగాడు నూకరాజు.

చదివాను. "సువార్తమ్మ మాట తప్పింది. పాసైన పిల్ల సీటు తీసేసింది. మా అమ్మ పెట్టె పంపింది. సువార్తమ్మకి అమ్మ లేదు అందుకే తెలీదు. ఈ పడవ మునిగిపోవాలి. నూకరాజు బాబాయి మాత్రం ఈదుకుంటూ వచ్చెయ్యాలి."

"నన్ను బతికించిందా!" అన్నాడు వాడు, సంబరంగా. తర్వాత నా మొహం చూసి గుడ్డ తడిపాడు. "తుడిచెయ్యమంటారా అమ్మగారూ?"

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తాను."

ఆ పిల్ల ఇంత మాట రాసింది. ఎవరూ చెప్పలేదు, ఏదీ వేలి కింద కదల్లేదు. నా మీద ఉన్న కోపమంతా దాని సొంత చేత్తో అక్షరాలైంది. ఏడ్చాను. పడవ అంచు పట్టుకుని, రేవులో అందరూ చూస్తుండగా ఏడ్చాను. సంతోషమా అంటే కాదు, నేను పిల్లకి చేసింది నాకు తెలుసు. బాధేనా అంటే అదొక్కటే కూడా కాదు.

పడవ కదిలాక నూకరాజు తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. మొత్తం మళ్ళీ చదవమన్నాడు. దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు, చదువుతూనే ఉన్నాను. ప్రతిసారీ వాళ్ళమ్మ పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. వాడే ఆ ముక్క అందుకుని పూర్తిచేశాడు.